దారం ఎక్కించని మిషను

పోయిన నెల ఒక పొద్దున మా తమ్ముడి కొడుకు గోపి ఫోన్ చేశాడు. మురుంగపాక్కంలో మా తమ్ముడు కట్టించిన ఇంట్లో మేడ మీద గదిని ఈ మధ్య గోపీయే అద్దెకిస్తున్నాడు. పాత ఫ్రెంచి వీధులుండే వైట్ టౌన్‌లో ఏదో గెస్ట్‌హౌస్‌లో పనిచేసే కుర్రాడొకడు అందులో ఉండేవాడు. "వాడు చెప్పకుండా పోయినాడత్తా. ఫోన్ స్విచ్ ఆఫ్. సామాన్లంతా అట్లే ఉండాయి. రేపు చెత్త బండి వస్తాది, ఎత్తి యేసేదా?" అన్నాడు. నన్ను అడిగింది నా మీద గౌరవంతో అనుకుంటే పొరపాటు. ఆ గది రెండో తాళం చెవి నా దగ్గరుంది, అంతే. "నేనొచ్చేదాకా ఒక్కటీ తాకబాక" అన్నాను. ఆ మాట అన్నాక నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. అది అచ్చం మా అవ్వ గొంతు.

తలుపు తీసి ఇద్దరం గుమ్మంలోనే నిలబడ్డాం. గోడకు ఆనించిన గిటారు, మంచం కింద బూట్లు, స్టవ్ మీద మూత లేని కుక్కరు, దండెం మీద ఎండి బిగుసుకుపోయిన తువ్వాలు. మూసిపెట్టిన గదికి ఒక వాసన ఉంటుంది. పాత నూనె, చెమ్మగిల్లిన బట్ట, ఎక్కడినుంచో కొంచెం సముద్రపు ఉప్పు. నాకు ఆ వాసన భయం పుట్టించదు, నిద్ర పుట్టిస్తుంది. గోపి ఫోన్లో అగ్రిమెంటు తీసి చూపించాడు. ఖాళీ చేశాక మిగిలిన సామాన్లను యజమాని తన ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చునని అందులో ఇంగ్లీషులో రాసి ఉంది. "సంతకం గూడా పెట్టినాడత్తా" అన్నాడు. వాక్యం చదివాను గానీ, అప్పటికే నా చెవుల్లో ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. అది మా పాత ఇంటి వెనక పోర్షన్‌లో మధ్యాహ్నాలు తిరిగిన చక్రం.

ఆ ఇల్లు పెద్ద మార్కెట్టు వెనక వీధిలో ఉండేది. ముందు గదిలో నాయన తాళ్ళు, తుంగ చాపలు అమ్మే అంగడి, మధ్యలో మేము, బావి దాటాక వెనక పోర్షన్. దానిలో ఎప్పుడూ ఎవరో ఒకరు అద్దెకుండేవారు. మావాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ ఊరొచ్చారో, ఎందుకొచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, కోపం వస్తే రెండూ. తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం ఒక్కరికీ రాదు. పొద్దున లేస్తే కొబ్బరిపీచు వాసన, సాయంత్రమైతే వీధి చివరి బేకరీలో రొట్టెలు కాలుతున్న వాసన, రెంటికీ మధ్య అవ్వ కాఫీ డికాక్షన్ వాసన. మా అవ్వ, అంటే నాయన తల్లి, సన్నగా పొడుగ్గా ఉండేది. తెల్లవారకముందే వాకిలి కడిగి ముగ్గేసేది. శుక్రవారం సాంబ్రాణి పొగ ముందు మా దేవుడి గదికి పట్టేది, ఆ తర్వాత నేరుగా వెనక పోర్షన్ గడపకు పట్టేది. అక్కడ అద్దెకున్నది ఏ మతంవాళ్ళని చూసేది కాదు, అసలు ఎవరైనా ఉన్నారా లేదా అని కూడా చూసేది కాదు. "గడపకు మనుషులతో ఏం పని?" అనేది.

అద్దెకున్నవాళ్ళు సామాన్లు వదిలేసి వెళ్ళడం అప్పట్లో కూడా ఉండేది. బదిలీలూ జబ్బులూ చావులూ తాళం వేసేంత తీరిక మాత్రమే ఇచ్చేవి. అలాంటప్పుడు అవ్వకు ఒక పద్ధతి ఉండేది. దాన్ని ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు. ఒంటరిగా ఆ గది తలుపు తీసేది కాదు. పక్కింటి కమలమ్మనూ ఎదురింటి ముసలాయననూ పిలిచి, వాళ్ళను గుమ్మంలో నిలబెట్టి, కనిపించిన ప్రతి వస్తువునూ వేలితో చూపించి పేరు పెట్టి పైకి చెప్పేది. వాళ్ళిద్దరూ దాన్ని తమిళంలో తిరిగి చెప్పేవారు. పాడైపోయే బియ్యం, పప్పు, ఊరగాయ ఆ పూటే పంచేసేది. దేవుడి పటాలుంటే మా పటాల పక్కన చేర్చి దీపం పెట్టేది. మిగిలినవన్నీ ఉన్న గదిలోనే ఉండాలి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటేదాకా గది ఇంకొకరికి ఇవ్వకూడదు. వాటిని వాడకూడదు, చెడిపోనివ్వకూడదు. ఈ ఆఖరి రెండూ కలిసి మా ప్రాణం తీసేవి. ఇత్తడి బిందె ఉంటే చింతపండు పెట్టి తోమి మళ్ళీ బోర్లించాలి, దానితో చెంబెడు నీళ్ళు కూడా తోడకూడదు. ఎవరిదో మంచం ఉంటే నవారు బిగించాలి, దాని మీద కూర్చోకూడదు. మా అమ్మ తోమీ తోమీ చేతులు నల్లబడి, "మనింటి బిందెకు లేదు ఈ భాగ్యం" అని సణిగేది.

ఆ పోర్షన్‌లోకి యానాం అక్క వచ్చినప్పుడు నేను పావడా కట్టే వయసులో ఉన్నాను. ఆమె పేరు మంగతాయారు. భర్త సూర్యారావుగారు సర్కారు ఆఫీసులో గుమాస్తా, యానాం నుంచి మా ఊరికి బదిలీ అయి వచ్చారు. రెండూ ఒకప్పటి ఫ్రెంచి ఊళ్ళే, ఒకే సర్కారు కిందే ఉన్నా, యానాం మాకు చాలా దూరపు ఊరు. ఆమె తెలుగు విని మేమంతా నోళ్ళు తెరిచాం. ప్రతి మాటకూ చివర ఒక "అండి" తగిలించేది. మా అవ్వను "మామ్మగారూ" అంటే, అవ్వ తనను కాదనుకుని వెనక్కి తిరిగి చూసేది. అక్క మా ఇంటికి తెచ్చిన వింత వస్తువు కాలితో తొక్కే కుట్టు మిషను. నల్లటి ఒంటి మీద బంగారు పూలతీగ. దాన్ని కిటికీ పక్కన వేసుకుని వీధిలో ఆడవాళ్ళందరికీ రవికలు కుట్టేది. పని తీరాక బట్టల మీద గీతలు గీసే సుద్దముక్కతో ఎర్రటి గచ్చు మీద నాకు తెలుగు అక్షరాలు దిద్దించేది. "బుల్లీ, తలకట్టు మర్చిపోయావు" అని నవ్వేది. ఈ పేజీ రాస్తున్న అక్షరాలు ఆమె పెట్టినవే. మా వంశంలో తెలుగు రాయడం వచ్చిన మొదటిదాన్ని నేను, దానికి కారణం అద్దెకు వచ్చిన మనిషి.

ఒకరోజు సూర్యారావుగారు ఆఫీసులో కుర్చీలోనే ఒరిగిపోయారు. గోరిమేడు పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచారు. అక్క పగలంతా అక్కడే ఉండేది, సాయంత్రం వచ్చి గబగబా ఇంత వండుకుని మళ్ళీ పోయేది. మధ్యలో ఒక్క అరగంట దొరికితే మిషను ముందు కూర్చునేది. ఆయనను తన వాళ్ళ మధ్యకు తీసుకుపోతామని యానాం నుంచి మరిది వచ్చిన పొద్దున ఒక సంచీలో బట్టలు కుక్కుకుని, తాళం చెవి అవ్వ చేతిలో పెట్టింది. "మిషను మాత్రం జాగ్రత్తండి మామ్మగారూ. అదే నా చెయ్యి" అంది. బండి వీధి మలుపు తిరిగేదాకా అవ్వ తాళం చెవిని పిడికిట్లోనే ఉంచుకుంది.

తెలుగులో ఉత్తరాలు రాయడం మాకు రాదు, చదవడం అంతకంటే రాదు. నా అక్షరాలు ఇంకా వాక్యాలయ్యేంత వరకు రాలేదు. ఆఫీసు జవాను ఒకసారి వచ్చి ఆయనకు మందు జరుగుతోందని చెప్పి పోయాడు. అంతే. అవ్వ సాక్షులను పిలిచింది, గది తెరిచింది, పేర్లు చెప్పింది. "కుట్టు మిషను" అన్నప్పుడు కమలమ్మ దాన్ని తమిళంలో చెప్పి, ఒక చిన్న నిట్టూర్పు కలిపింది. ఆమె రవిక గుడ్డ ఒకటి ఆ గదిలోనే ఉండిపోయింది మరి.

కొంతకాలానికి అవ్వకు మిషను మీద దిగులు పట్టుకుంది. తిరగని చక్రం తుప్పు పడుతుందని నాయన ఒకమాట అనడమే ఆలస్యం, నన్ను పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది. "పాపా, దినామూ మధ్యాన్నం అందరూ పండుకున్నాక కాసేపు తొక్కల్ల. సుమ్మా తొక్కు. దారం మాత్రం ఎక్కీబాక" అంది. సుమ్మా అంటే ఊరికే అని. "దారం ఎక్కిస్తే ఏమవుతాది అవ్వా?" అన్నాను. "దారం ఎక్కిస్తే అది మనదైపోతాది" అంది. నాయన పై రంధ్రాల్లో నూనె చుక్కలు వేశాడు. సూది కిందున్న రేకు మూత తెరవబోతే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. అది లోపలి సంగతి, ఆమెది, మనకెందుకు అని.

ఆ మధ్యాహ్నాలు నా జీవితంలో ఎక్కడుంచాలో తెలియనివి. అమ్మ వసారాలో కొంగు పరుచుకుని నిద్రపోయేది. నాయన అంగడి తలుపు ఓరగా వేసి చాపల కట్టకు ఆనుకుని కునికేవాడు. వీధిలో ఐసు బండి గంట ఎక్కడో మోగి ఆగిపోయేది. నేను ఆ చీకటి గదిలో కూర్చుని తొక్కేదాన్ని. సూది పైకీ కిందికీ ఆడేది, దాని కింద గుడ్డ ఉండదు, దారం ఉండదు. చప్పుడు మాత్రం నిజమైన కుట్టు చప్పుడే. కళ్ళు మూసుకుంటే ఎన్నెన్నో కుట్టేదాన్ని. సముద్రం పొడుగునా ఒక అంచు, మార్కెట్టు కప్పుకు ఒక పైట, అమ్మకు ఒక పట్టు రవిక. కళ్ళు తెరిస్తే ఏమీ ఉండేది కాదు. అయినా నష్టపోయినట్టు అనిపించేది కాదు. అంత హాయిగా నేను మళ్ళీ ఏ పనీ చేయలేదు.

వానలు మొదలయ్యాక ఇంట్లో హాయి పోయింది. అంగడి కప్పు కారుతోంది, చాపలు తడిస్తే బూజు పడతాయి. వెనక గది ఇస్తే సరుకంతా అందులో పెడతానని నాయన మొదట మర్యాదగా, తర్వాత గట్టిగా అడిగాడు. "ఆయమ్మ రాదమ్మా. వచ్చేదుంటే ఈపాటికి వచ్చుండదా? ఒక మూలకు జరిపి పెడదాం" అన్నాడు. "చాపలకు చెద వస్తాది. ఆ చెద మిషను చెక్కకు ఎక్కితే ఎవురు జవాబు చెప్పేది? నువ్వా?" అంది అవ్వ. చివరికి సరుకు మా మధ్య హాల్లోకి వచ్చింది. ఆ వానాకాలమంతా మేం చాపల గుట్టల మధ్య సందుల్లో పడుకున్నాం. నాకదంతా సంబరంగానే ఉండేది, నాయన మాత్రం తల్లితో మాట్లాడ్డం తగ్గించేశాడు. పండక్కి నా పావడా కుట్టాల్సి వచ్చినప్పుడు అమ్మ వెళ్ళి, "అత్తా, రెండు కుట్లు. అంచు మడిచి ఊరికే రెండు కుట్లు" అని బతిమాలింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని మొత్తం పావడా చేత్తోనే కుట్టింది. అవ్వ ఇంట్లోవాళ్ళ కంటే ఇంట్లో లేని మనిషినే ఎక్కువ చూస్తోందని అప్పుడు నాకు కూడా కోపం వచ్చింది. ఇప్పటికీ ఆ కోపం తప్పని అనను.

యానాం అక్క ఎండలు ముదిరినప్పుడు వచ్చింది. రిక్షా దిగింది, నుదుట బొట్టు లేదు. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ పోయి, సాక్షులిద్దరినీ మళ్ళీ పిలిపించి, గది తలుపు తీసింది. అన్నీ వదిలిపోయినచోటే ఉన్నాయి. అక్క నేరుగా మిషను దగ్గరికి పోయి స్టూలు మీద కూర్చుంది. చేత్తో చక్రాన్ని తాకింది. అది నూనెలో మెత్తగా తిరిగింది. నా పాదాలు ఆడీ ఆడీ తొక్కుడు చెక్క నున్నగా మెరుస్తోంది. తోలు బెల్టు కొత్త సాగుతో వదులైంది. ఆమె వాటిని ఒక్కొక్కటే చూసి, ముఖం ఎత్తకుండా, "వాడుకున్నారా అండి?" అంది.

గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. అక్కడ యానాంలో అందరూ తన నుంచి ఏదో ఒకటి తీసేసుకున్న మనిషి, ఇక్కడ కూడా అంతేనా అని అడిగినట్టు అడిగింది. మా అవ్వ ముఖం పాలిపోయింది. ఎదురింటి ముసలాయన దగ్గాడు. అమ్మ ఆగలేకపోయింది. "వాడుకున్నామా? నా బిడ్డ పావడా చేత్తో కుట్టినాను తల్లీ! వేలంతా పొడుచుకున్నా!" అంది. నేను అరవబోయాను, నేను తొక్కాను గానీ ఊరికే తొక్కాను అని. దారం లేకుండా తొక్కాను అని చెబితే ఎవరూ నమ్మరని ఆ వయసులో కూడా నాకు తెలిసింది. అవ్వ నా భుజం మీద చెయ్యేసి, "వద్దులే" అంది. "నీ సామాను నీది. చూసుకో. తీస్కపో" అని అక్కతో చెప్పింది.

అక్క ఇంకేం వెతుకుదామనుకుందో, బహుశా మా దారం ఏ రంగుదో చూద్దామనుకుందేమో, సూది కింద రేకు మూతను వేలితో పక్కకు లాగింది. లోపల నుంచి కింది దారం చుట్టే బాబిన్ తీసింది. సగం చుట్టి ఉంది, లేత నీలం దారం. ఆమె దాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని అరచేతిలో మూసి మిషను మీద తల వాల్చేసింది. ఏడుపు మొదట వినిపించలేదు, మిషను మాత్రం కొంచెం కదిలింది. "ఆయన చొక్కాదండి" అంది చివరికి. "సగమే కుట్టాను. మిగతా సగం అక్కడ చేత్తో కుట్టానండి మామ్మగారూ. ఆ చొక్కాతోనే సాగనంపాం." ఆ దారం ఎవరూ తాకలేదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అవ్వ ఆమె పక్కన నేల మీద చతికిలబడి, "ఏడువమ్మా, ఏడువు. ఇదీ నీ ఇల్లే గదా" అంది. అమ్మ మజ్జిగ తెచ్చింది. కోపం పోలేదు, అయినా గ్లాసు తనే ఆమె చేతిలో పెట్టింది. అక్క ఆ బాబిన్‌ను తిరిగి లోపల పెట్టి, రేకు మూసి, తర్వాతే మిషను బండెక్కించింది.

ఆమె ఊళ్ళో ఆ మిషనుతోనే బతికిందని, బాగానే బతికిందని తర్వాత విన్నాం. మా అవ్వ కథ మాత్రం అంత తేలిగ్గా అయిపోలేదు. ఆ గది ఊడుస్తూ, "ఒక్క గడియ మనల్ని దొంగలనుకునింది పాపా" అంది. ఎన్నో ఏళ్ళ తర్వాత, మంచం పట్టాక కూడా, ఉన్నట్టుండి ఆ మాటే అనేది. ఆ గాయం మానలేదు. అయినా తర్వాత అద్దెకొచ్చినవాళ్ళు ఏదో వదిలేసి వెళ్ళినప్పుడు మళ్ళీ సాక్షులను పిలిచింది, తిట్టుకుంటూ తుడిచింది, తిట్టుకుంటూ కాపాడింది. నాకు అవ్వంటే అంత ప్రేమ ఎందుకో, ఆ తిట్లు తలుచుకున్నప్పుడే బాగా అర్థమవుతుంది.

ఇప్పటి అగ్రిమెంట్లు చెడ్డవని నేను అనను. అద్దెకివ్వడంలో తలనొప్పి ఎంతో నాకు తెలుసు, గోపికి ఇంకా బాగా తెలుసు. చెప్పాపెట్టకుండా పోయేవాళ్ళ కోసం ఒక ఇల్లంతా చాపల సందుల్లో పడుకోవాలని ఎవరు రాస్తారు? కానీ ఆ ఇంగ్లీషు వాక్యం ఏం చేస్తోందో ఆ గుమ్మంలో నిలబడి చూస్తే నాకు తెలిసింది. ఎవరి చేతా ఒక్క గడియ కూడా దొంగ అనిపించుకోకుండా అది మమ్మల్ని కాపాడుతోంది. అప్పట్లో అలాంటి కాపుదల లేదు. పరాయివాడి వస్తువు మన ఇంట్లో ఉందంటే, దాన్ని ఎంత బాగా చూస్తే అంత అనుమానం నెత్తి మీద పడుతుంది. అది తెలిసీ జాగ్రత్తగా చూసుకునేవాళ్ళు.

ఇదంతా గోపికి సగం చెప్పాను, సగం మింగాను. వాడు చేతులు కట్టుకుని విన్నాడు. "సరే అత్తా, పెట్టుకుందాం. వాడు వచ్చి గిటారు మీరే చెడగొట్టినారు అంటే?" అన్నాడు.

"అంటాడేమోరా."

"మనం తాకనే లేదు గదా!"

"అయినా అంటాడు. అననీ" అన్నాను.

వాడు నన్ను ఒకసారి, గిటారును ఒకసారి చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి పోయి, గిటారును రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తాడు.

"ఈ గోడ వానకు చెమ్మ పడతాదత్తా" అన్నాడు. "దీన్ని యాడ పెడదాం?"